పదకొండో షరతు

"వంటింట్లో ఫ్యానేమిటమ్మాయ్, మంట నిలుస్తుందా?" అని అత్తగారు హాల్లోంచి అన్నారు. నిజానికి కోడలు ఫ్యాను ఊసే ఎత్తలేదు. మోచేత్తో నుదురు తుడుచుకుని "అబ్బా" అంది, అంతే. పద్దెనిమిదేళ్ళ సహవాసంలో అత్తగారికి కోడలి నిట్టూర్పులకు కూడా జవాబులు చెప్పడం వచ్చేసింది. హాల్లో ఏసీ నడుస్తోంది. చల్లదనం బయటికి పోతుందని వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ తలుపుకు అవతల, సోఫాలో కూర్చుని, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఆమె భర్త పదో తరగతి చదివే కూతురికి పాఠం చెబుతున్నాడు. "వేడి ఎప్పుడూ వేడి చోటు నుంచి చల్లటి చోటుకే పోతుంది. ఇది ప్రకృతి ధర్మం." ఆ లెక్కన ఈ పొయ్యి దగ్గరి వేడి ఈపాటికి హాల్లోకి పోయుండాలి కదా అనుకుంది ఆమె. పోదు. ఈ ఇంట్లో ప్రకృతి ధర్మానికి కూడా తలుపు వేస్తారు.

పొయ్యి పక్కన పంచదార డబ్బాకు ఆనించిన కాగితాల అంచులు ఆవిరికి మెత్తబడుతున్నాయి. ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో వాటిని తిప్పుతోంది. ఆఫీసులో చదవడానికి కుదరదు, అక్కడ అందరి పనులూ ఆమె బల్ల మీదికే వస్తాయి. ఇంట్లోనూ కుదరదు. అందుకని కూర మగ్గేంతసేపు చదువుతుంది. ఈ నగరంలో ఏ ముఖ్యమైన నిబంధనైనా సరే, ఎవరో ఒకామె కూర మగ్గుతుండగా చదివిందే అయి ఉంటుందని ఆమెకు అప్పుడప్పుడూ అనుమానం.

ఆమె నగరపాలక సంస్థలో అనుమతుల విభాగం అధికారి. ఆఫీసులో వాళ్ళు పెట్టిన పేరు రూల్సమ్మ. ఎదురుగా మేడం అంటారు, తలుపు దాటగానే రూల్సమ్మ. ఆ ఏడు ఎండలకు నగరం పెనంలా కాలింది. ఏ వీధి ఎంత కాలుతోందో తెలుసుకోవడానికి వేడిని చూసే కెమెరాను డ్రోన్‌కు కట్టి, నగరమంతా పైనుంచి పటం తీయించాలని పెద్దలు నిర్ణయించారు. ఎక్కువ కాలే వీధికి ముందు నీడ పందిళ్ళు, చెట్లు, ఇంటి కప్పులకు తెల్లరంగు. మంచి ఆలోచన. ఆ మంచి ఆలోచనకు విమానయాన శాఖ పెట్టిన పదకొండు షరతులున్నాయి, అవి నెరవేర్చే పని ఆమెది. డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, నడిపే మనిషికి లైసెన్సు ఉండాలి, విమానాశ్రయం వాళ్ళ చేత ఏ ఎత్తు దాటకూడదో రాయించుకోవాలి, పోలీసులకు చెప్పాలి, ఎవరి నెత్తిన పడితే ఏమిటన్న బీమా తీసుకోవాలి. ఒక్కో కాగితం కోసం ఒక్కో ఆఫీసు మెట్లెక్కింది. ఒకచోట ఆఫీసరు లేడన్నారు, ఒకచోట ఉన్నాడు గాని సీలు లేదన్నారు, ఇంకోచోట "మీ సార్‌ని రమ్మనండి" అన్నారు. మూడు నెలల్లో పది షరతులు పూర్తి చేసింది.

"కాగితాలే కదా," అన్నాడు భర్త ఒకరోజు ఆమె చెప్పులు విప్పుతూ ఉస్సురంటే. "మూటలేమన్నా మోస్తున్నావా?"

మిగిలింది పదకొండోది. ఇళ్ళ మీదుగా ఎగిరే ముందు, ఆ ఇళ్ళవాళ్ళకు పది రోజుల ముందుగా, వాళ్ళు చదవగలిగే భాషలో నోటీసు ఇవ్వాలి. ఏ రోజు, ఏ వేళకు, ఏయే కెమెరాలతో వస్తారో, తీసిన బొమ్మలు ఎవరు చూస్తారో, ఎన్నాళ్ళకు చెరిపేస్తారో అందులో ఉండాలి. అభ్యంతరాలుంటే రాతలో తీసుకుని, జవాబు చెప్పాకే ఎగరాలి. ఇదంతా జరిగిందని ఒక అధికారి తన పేరు రాసి సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే ఆ అధికారిదే బాధ్యత. ఆ అధికారి ఎవరో చెప్పనక్కర్లేదు. పని ఎవరిదైనా కావచ్చు, బాధ్యత మటుకు ఎక్కడున్నా వెతుక్కుంటూ ఆమె దగ్గరికే వస్తుంది, తప్పిపోయిన పిల్లి ఇంటికొచ్చినట్టు.

నోటీసు ఆమె ఎప్పుడో రాసి డైరెక్టరు బల్ల మీద పెట్టింది. మూడుసార్లు గుర్తు చేసింది. "చూస్తానమ్మా" అన్నాడు మూడుసార్లూ. నాలుగోసారి ఆయనే పిలిచాడు. ఈ శుక్రవారమే మధ్యాహ్నం డ్రోన్ ఎగరడం చూడటానికి నగరాధ్యక్షుడు వస్తున్నాడట, పత్రికలవాళ్ళు కూడా. ఆ రోజు సోమవారం.

"నోటీసు ఇవ్వలేదు కదా సార్," అంది ఆమె.

"ఇవ్వండి. తేదీ మాత్రం రెండు వారాల ముందుది వెయ్యండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒక్క తేదీయే కదమ్మా. ఆకాశంలో పోయేదానికి కింద వాళ్ళనేం అడుగుతాం? పక్షులు అడిగి ఎగురుతున్నాయా?" పక్కనున్న ఇంజనీర్లిద్దరూ నవ్వారు. పక్షులకు కెమెరాలుండవు అని ఆమెకు తోచింది. అప్పుడు కాదు, మెట్లు దిగేటప్పుడు. ఆమెకు మంచి జవాబులన్నీ మెట్ల మీదే తోస్తాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో, కాపురంలో ఆమె మెట్ల మీద చెప్పుకున్న జవాబులు పోగేస్తే ఒక పుస్తకం అయ్యేది.

మర్నాడు తేదీ వేయని నోటీసుల కట్ట, జిగురు డబ్బా తీసుకుని తనే బయల్దేరింది. మొదట రేకుల కప్పుల వీధికి వెళ్ళింది. వీధంటే వీధి కాదు, పాత గోదాముల వెనక రెండు వరసల ఇళ్ళు, మధ్యలో మనిషి చేతులు చాస్తే అటూ ఇటూ తగిలేంత దారి. పదకొండు గంటలకే రేకులు టకటకమంటున్నాయి. చివరింటి గుమ్మంలో కుట్టుమిషను ముందు ఒక పెద్దావిడ కూర్చుని పరదాలు కుడుతోంది. టైలరమ్మ అంటే ఆ వీధంతా ఆవిడే. నోటీసు అంటిస్తుంటే మిషను ఆపి, కళ్ళజోడు సర్దుకుని, పైనుంచి కిందిదాకా చదివింది. నగరపాలక సంస్థ కాగితాన్ని ఒక మనిషి అంత శ్రద్ధగా చదవడం ఆమె మొదటిసారి చూసింది.

"వేడి చూస్తారా పైనుంచి?" అంది టైలరమ్మ. "చూడమనండి. మంచిదే. మా పెద్దాయన కిందటేడు ఈ వేడికే పోయాడు. డాక్టరు గుండె అని రాశాడు గాని, ఇదిగో, ఈ రేకే." తర్వాత వేలు నోటీసు మీద ఒకచోట ఆపింది. "మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు అని ఉంది. అప్పుడెందుకు?"

"అప్పుడే బాగా కాలుతుంది కదండీ."

"ఇలా రండి." టైలరమ్మ ఆమెను ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. వరసగా ఒక్కో ఇంటి వెనక ఒక్కో దడి. మూడు పక్కలా పాత తలుపు చెక్కలు, ఒక పక్క గోనెపట్టా. పైన ఏమీ లేదు. లోపల ఒక బకెట్టు, ఒక నాపరాయి. "ఇవి మా స్నానాల గదులు. పదకొండున్నరకు నీళ్ళొస్తాయి. మగాళ్ళు పనులకు పోతారు, పిల్లలు బడికి పోతారు. పన్నెండు నుంచి రెండు దాకా మేం ఒకరి తర్వాత ఒకరం పోసుకుంటాం. అటు గోదాము గోడకు కిటికీలు లేవు. ఇన్నేళ్ళుగా పైనుంచి చూసేవాడు ఆ దేవుడొక్కడే."

ఆమె ఆ దడి మధ్య నిలబడి పైకి చూసింది. ఆకాశం తెల్లగా, మూత తీసిన గిన్నెలా ఉంది. ఈ మూడు నెలలూ పదకొండో షరతును ఆమె కూడా ఒక కాగితంలాగే చూసింది. ఆ షరతు ఎవరు రాశారో, ఏ దడి మధ్య నిలబడి రాశారో గాని, రాసినవాళ్ళకు తెలుసు. తనకు తెలియలేదు. తన పేరే రూల్సమ్మ అయ్యుండి.

బుధవారం ఉదయం ఆఫీసులో సమావేశం. పద్నాలుగు మంది మగవాళ్ళు, ఆమె. టీలు వచ్చాయి. ట్రే తెచ్చిన అటెండరు దాన్ని ఆమె ముందే పెట్టాడు. ఎప్పుడూ అక్కడే పెడతాడు. ఆమె అందించింది. ఎప్పుడూ అందిస్తుంది. అందిస్తుండగా డైరెక్టరు గోడ మీద ఒక బొమ్మ వేయించాడు. "శుక్రవారం పెద్దాయనకు చూపించబోయేది ఇదే. నమూనా." వీధులు, కప్పులు, అన్నీ ఎరుపు, నారింజ, పసుపు. మంట పెట్టిన పటంలా ఉంది. "చూశారా, ఇది గోదాముల వెనక రేకుల కాలనీ. అరవై రెండు డిగ్రీలు." అందరూ తలలూపారు. ఆ ఎరుపు మధ్యలో, ఇళ్ళ వెనక వరసగా ఉన్న చిన్న చిన్న గళ్ళలో ఒకదానిలో, గోరంత నీలం మచ్చ ఉంది.

"అదేంటి?" అన్నాడు ఒక ఇంజనీరు.

"ఏదో మొక్క అయ్యుంటుంది. లేకపోతే కెమెరా లోపం. శుక్రవారానికి ఆ చుక్క తీయించేద్దాం," అన్నాడు డైరెక్టరు.

ఆమె చేతిలో ఇంకా ఒక టీ కప్పు ఉంది. అక్కడ మొక్కలు లేవు. ఉన్నది బకెట్టు, నాపరాయి. కాలిపోతున్న ఆ వీధిలో మధ్యాహ్నం చల్లగా ఉండేది ఒక్కటే, అప్పుడే ఒంటి మీద నీళ్ళు పోసుకున్న మనిషి. ఆమె కప్పు బల్ల మీద పెట్టింది. అడగవలసినది అడిగింది. "ఇది ఎప్పుడు తీశారు సార్? ఇంకా అనుమతి రాలేదు కదా."

"ట్రయలమ్మా. పోయిన నెల. ఎగురుతుందో లేదో చూసుకోవద్దా?" అని ఆయన తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయాడు.

సమావేశం అయ్యాక డ్రోన్ కంపెనీ తరఫున వచ్చిన పైలట్‌ను వరండాలో పట్టుకుంది. నలభై దాటిన మనిషి, ఇదివరకు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడట. ఆమెను చూడగానే అతనికి అర్థమైంది. "దానికి రెండు కళ్ళుంటాయి మేడం," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఒకటి వేడిది, ఒకటి మామూలుది. రెండూ కలిపే తీస్తాయి, లేకపోతే ఏది ఏ ఇల్లో పోల్చుకోలేం." లాప్‌టాప్ తెరిచి మామూలు కన్ను తీసిన బొమ్మ చూపించాడు. ముఖం కనబడలేదు. వంగిన వీపు, ఎత్తిన చెంబు, తడి జుట్టు. ముఖం కనబడాల్సిన అవసరం కూడా లేదు. "చూడగానే చెరిపేద్దామనుకున్నాను మేడం. సార్ ఏదీ చెరపొద్దన్నారు. నాకూ ఆడపిల్లలున్నారు," అన్నాడు. ఆడపిల్లలున్న మగవాళ్ళందరూ ఈ మాట అంటారు. అది చెప్పేశాక వాళ్ళ వంతు పని అయిపోయినట్టు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. ఆమెకు కోపం వచ్చింది. అతని మీద ఎంతో, మూడు నెలలు పది ఆఫీసుల మెట్లెక్కి ఈ రెండో కన్ను గురించి ఒక్కసారీ అడగని తన మీద అంతే.

మధ్యాహ్నం డైరెక్టరు ధ్రువపత్రం ముందు పెట్టాడు. నోటీసు ఇచ్చినట్టు, అభ్యంతరాలు రానట్టు, రెండు వారాల కిందటి తేదీతో టైపు చేయించి ఉంది. పెన్ను మూత కూడా తీసి పెట్టాడు.

"ఇది నేను పెట్టలేను సార్."

"ఎందుకమ్మా?"

"నోటీసు నిన్ననే అంటించాను. అభ్యంతరం ఉంది. పోయిన నెల ఎగిరింది అనుమతి లేకుండా ఎగిరింది. ఆ నీలం చుక్క మొక్క కాదు సార్. స్నానం చేస్తున్న ఆడమనిషి."

సిగ్గుపడతాడేమోనని ఆమె చూసింది. ఆయన గొంతు తగ్గించి, జాలిగా అడిగాడు. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా? మీరీ మధ్య బాగా చిరాగ్గా ఉంటున్నారు."

ఆ మాటతో ఆమెకు చిరాకు పోయింది. చిరాకంటే ఇంకా ఎదుటివాళ్ళకు చెబితే వింటారన్న ఆశ మిగిలి ఉండటం. అది కాస్తా పోయాక మనసు తేటగా అయింది. ఈసారి జవాబు మెట్ల దాకా ఆగలేదు. "పోనీ మీరే పెట్టండి సార్. నాకంటే పెద్ద అధికారి పెట్టినా చెల్లుతుందని రూల్లో ఉంది." పెన్నును బల్ల మీదుగా ఆయన వైపు తోసింది. ఆయన పెన్ను వంక చూశాడు, కాగితం వంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు. పెన్ను ముట్టుకోలేదు. ఆమె తన గదికి వెళ్ళి జరిగినదంతా ఒక పేజీ రాసి, నిజమైన తేదీ వేసి, విమానయాన శాఖకు ఒక ప్రతి, ఫైలుకు ఒక ప్రతి పంపింది. శుక్రవారం కార్యక్రమం రద్దయింది. నగరాధ్యక్షుడికి జలుబు చేసిందని పత్రికల్లో వచ్చింది.

ఇంట్లో ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పింది. భర్త ముద్ద ఆపి విన్నాడు, అది అరుదు. "అయితే ఏమైందంటావ్? ముఖం కనబడలేదు. చుక్క. ఎవరికి నష్టం?" అన్నాడు. అత్తగారు "అలాంటివి బయటికి చెప్పకూడదమ్మా, ఆవిడకే అప్రతిష్ట" అన్నారు. కూతురు మాత్రం కంచంలో వేలితో గీతలు గీస్తూ, "అమ్మా, ఆవిడకు చెప్పావా?" అంది.

చెప్పలేదు. బహుశా అదే కష్టమైన పని. రూలులో ఆ మాట కూడా ఉంది. అనుమతి లేకుండా తీసిన బొమ్మలను, వాటిలో ఉన్నవాళ్ళకు చెప్పి, వాళ్ళ ఎదుటే చెరపాలి. శనివారం ఉదయం పైలట్‌ను వెంటబెట్టుకుని రేకుల వీధికి వెళ్ళింది. అతన్ని మలుపులోనే నిలబెట్టి, తను టైలరమ్మ మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. దారి పొడవునా మాటలు కూర్చుకుంది గాని, ఒక్కటీ పనికిరాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

టైలరమ్మ సూదిలోంచి జారిపోయిన దారం మళ్ళీ ఎక్కించింది.

"ఎంతమంది చూశారు?"

"పద్నాలుగు మంది."

"మనిషని తెలిసిందా వాళ్ళకు?"

"లేదు. చుక్క అనుకున్నారు."

"చుక్క," అంది టైలరమ్మ, ఆ మాట రుచి చూస్తున్నట్టు. "ఏ దడి?"

"చివర్నించి మొదటిది."

"మాదే. అయితే నేనో, మా కోడలో." చేయి అడ్డం పెట్టింది. "ఎవరో చెప్పకండి. నేనైతే నేను పడతాను. అదైతే ఇక ఆ దడి లోపలికి అడుగుపెట్టదు. మరి ఎక్కడ పోసుకుంటుంది?"

ఆమె చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. పైలట్‌ను పిలిచింది. అతను బొమ్మలున్న ఫోల్డరు తెరవకుండానే, ఇద్దరి ఎదుటా, ట్రయల్లో తీసినవన్నీ చెరిపేశాడు. చెరిపినట్టు కాగితం రాసిచ్చాడు. టైలరమ్మ ఆ కాగితాన్ని కూడా నోటీసులాగే పైనుంచి కిందిదాకా చదివి, మడిచి మిషను సొరుగులో పెట్టుకుంది. "ఇక మా అభ్యంతరాలు రాయాలా?" అంది. "ఎన్ని రాయొచ్చు?"

ముప్పై ఒకటి వచ్చాయి. రాయడం రానివాళ్ళవి టైలరమ్మే రాసింది, ఎవరి మాట వాళ్ళదిగా. ఒక్కరూ ఎగరొద్దు అనలేదు. పన్నెండు నుంచి రెండు దాకా రావద్దు, నాలుగింటికి రండి, అప్పటికీ పెనమే అన్నారు. మా వీధి వేడి తప్పకుండా రాసుకోండి, ఒక్క డిగ్రీ తగ్గించొద్దు అన్నారు. ఒకావిడ మాత్రం ఇలా రాయించింది: "మా ఇంటి కప్పు చూసే ముందు స్నానాల గదికి కప్పు వేయించండి." ఆమె వాటన్నిటికీ ఒక్కోదానికి ఒక్కో జవాబు రాసింది. కూర మగ్గుతుండగా కొన్ని, ఆఫీసులో కొన్ని. ఆ పది రోజుల్లో రెండుసార్లు కూర మాడింది. ఇంట్లో దాని మీద జరిగిన చర్చ నగరంలో వేడి మీద జరిగిన చర్చ కంటే పెద్దది.

చివరికి అనుకున్న రోజుకు పందొమ్మిది రోజుల తర్వాత, సాయంత్రం నాలుగింటికి, డ్రోన్ ఎగిరింది. ఆ పూట భర్త కాలేజీ ప్రిన్సిపాల్ ఇంటికి టీకి వస్తున్నాడు. "నువ్వు లేకపోతే ఎలా?" అన్నాడు భర్త. "మీరున్నారు కదా," అని వచ్చేసింది. అందులో వెటకారం లేదు. అంత మామూలుగా అనేశానే అని దారిలో తనకే ఆశ్చర్యం వేసింది. రేకుల వీధిలో ఆడవాళ్ళందరూ గుమ్మాల్లో కూర్చుని ఉన్నారు. కొందరు తలలు దువ్వుకున్నారు, ఒకావిడ కొత్త చెప్పులేసుకుంది. ఎవరో వస్తామని ముందుగా చెప్పి వస్తున్నప్పుడు ఉండే ముస్తాబు అది. తుమ్మెదలా శబ్దం చేస్తూ అది తలల మీదుగా పోతుంటే టైలరమ్మ కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని చూసి, "ఇంతేనా?" అంది. నగరంలోకెల్లా ఎక్కువ వేడి ఆ వీధిదేనని పటంలో తేలింది. రెండు నెలలకు నీడ పందిళ్ళు వచ్చాయి. స్నానాల గదుల కప్పుల ఫైలు మాత్రం ఇప్పటికీ డైరెక్టరు బల్ల మీదే ఉంది. చూస్తానమ్మా అంటున్నాడు.

పందిళ్ళ కంటే ముందు ఆమెకు మెమో వచ్చింది. మీ నిర్లక్ష్యం కారణంగా ఒక ప్రతిష్ఠాత్మక కార్యక్రమంలో పందొమ్మిది రోజుల జాప్యం జరిగింది, మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో వారం లోపల వివరణ ఇవ్వండి, అని. ఆదివారం ఉదయం భర్త దాన్ని రెండుసార్లు చదివాడు. "నువ్వు రాస్తే గొడవ పెంచుతావు. ఇలా ఇవ్వు, నేను రాస్తాను," అని డైనింగ్ టేబుల్ ముందు కూర్చున్నాడు. అరగంటలో చక్కటి అక్షరాలతో ఒక పేజీ తయారైంది. అతని అక్షరాలు నిజంగా బాగుంటాయి. ఆమె నిలబడే చదివింది. అనుభవలేమి వల్లనూ, కుటుంబ బాధ్యతల ఒత్తిడి వల్లనూ సకాలంలో విధులు నిర్వర్తించలేకపోయినందుకు చింతిస్తున్నాననీ, ఇకపై ఇలాంటి పొరపాటు జరగనివ్వననీ, దయతో క్షమించవలసిందనీ ఉంది.

"కుటుంబ బాధ్యతల ఒత్తిడా?" అంది.

"అది ముఖ్యం. ఆడవాళ్ళ విషయంలో బాగా పనిచేస్తుంది. జాలిపడతారు."

"ఏ బాధ్యతలు?"

"అవే. ఇంటి పనులూ, వంటా, అమ్మను చూసుకోవడం, పిల్ల చదువు. నీకు తెలియనివా?"

"నాకు తెలుసు," అంది ఆమె. "అవి ఉన్నాయని మీకు తెలుసని ఇప్పుడే తెలిసింది."

అతను పెన్ను మూత పెట్టబోయి ఆగాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఎప్పుడు అలిసిపోయానన్నా "ఏముంటుంది ఇంట్లో పని" అన్న మనిషి, ఆఫీసులో క్షమాపణకు పనికొస్తుందనేసరికి ఆ పనులను వరసగా, ఒక్కటీ మరిచిపోకుండా చెప్పాడు. అంటే ఇన్నేళ్ళూ అన్నీ కనబడుతూనే ఉన్నాయన్న మాట. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకూ ఆగకపోతే కూతురు పుస్తకం మూసి చూసింది.

"మగాడు రాసిచ్చాక ఇంకేముందమ్మాయ్, సంతకం పెట్టెయ్," అన్నారు అత్తగారు సోఫాలోంచి. "టీ కూడా ఇంకా కాలేదు."

"కాలేదత్తయ్యా," అంది ఆమె. భర్త పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అతని చేతిలోంచి పెన్ను మెల్లగా తీసుకుంది. కూతురి నోటుపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి ముందు పెట్టుకుంది. అతని పేజీని చించలేదు, నలపలేదు. అతని వైపే జరిపింది. ఏదైనా మంచి మాట కోసం వెతుక్కోవాల్సి వస్తుందనుకుంది గాని, వెతుక్కోనక్కర్లేకపోయింది. పైన డైరెక్టరుకు అని రాసి, విషయం దగ్గర 'జాప్యంపై వివరణ' అని రాసి, గీత గీసి, కింద రెండే వాక్యాలు రాసింది.

జాప్యం జరగలేదు. నేను ఆపాను.